శనక్కాయ పొట్టు, పత్తి కట్టె, ఊక: ఒకే డ్రమ్ములో బొగ్గు మూడు రకాలుగా ఎందుకొస్తుంది?

మీరడిగింది ఇదీ. అనంతపురం దగ్గర 200 లీటర్ల డ్రమ్ములో, పైన అంటించి అడుగు బెజ్జాల గుండా కొద్దిగా గాలి వదిలే పద్ధతిలో శనక్కాయ పొట్టు, పత్తి కట్టె, వరి ఊక విడివిడిగా కాలుస్తున్నారు. డ్రమ్ము ఒకటే, తీరు ఒకటే, బొగ్గు మాత్రం మూడు రకాలుగా వస్తోంది. పత్తి కట్టె వేస్తే అడుగున గాజులాంటి గడ్డలు కడుతున్నాయి. ఆర్పి గోనెసంచులకు ఎత్తిన బొగ్గు ఒకసారి రాత్రికి మళ్ళీ రాజుకుంది. ల్యాబ్ వాళ్ళు "బూడిద ఎక్కువ" అని ఒక్క ముక్క చెప్పి పంపారు. కడిగి కాలిస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

ముందు ఆ బూడిద శాతాన్ని పక్కన పెట్టండి. ఆ ఒక్క అంకెలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: మొక్క రసంలో కరిగి ఉన్న పొటాషియం, సోడియం, క్లోరిన్, మొక్క తన ఒంట్లోనే కట్టుకున్న సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే), కాల్షియం, బయటి నుంచి అంటిన మట్టి. మంటలో మూడూ మూడు రకాలుగా నడుచుకుంటాయి. 5 శాతం బూడిదలో సగం పొటాషియం ఉన్న కట్టె, 18 శాతం బూడిదలో దాదాపు అంతా సిలికాయే ఉన్న ఊక కంటే ఎక్కువ తంటా పెడుతుంది.

అసలు పని పొటాషియానిది. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ మూడు సమస్యల్లోనూ దాని చెయ్యి ఉంది. మొక్క ఒళ్ళు ముఖ్యంగా మూడు పదార్థాలతో కట్టి ఉంటుంది: హెమీసెల్యులోజ్, సెల్యులోజ్, లిగ్నిన్. గాలి తగలకుండా వేడి చేస్తే హెమీసెల్యులోజ్ సుమారు 220 నుంచి 315 డిగ్రీల సెల్సియస్ మధ్య, సెల్యులోజ్ 315 నుంచి 400 మధ్య విరుగుతాయి. లిగ్నిన్ 200 లోపే మొదలై 800 దాటేదాకా నిదానంగా విరుగుతూనే ఉంటుంది. ఈ అంకెలు మొక్క నుంచి విడదీసిన పదార్థాలవి. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ పూసలు గుచ్చిన దండ. ఖనిజం లేకపోతే వేడికి దారం తెగి పూసలు చాలావరకు పూసలుగానే రాలతాయి. అలా రాలిన ముక్క పేరు లెవోగ్లూకోసాన్. అది ఆవిరై పైకి లేచి, చల్లబడిన చోట తారుగా దిగుతుంది. శుద్ధ సెల్యులోజ్‌ను వేగంగా వేడి చేస్తే బరువులో సగానికి పైగా ఈ ఒక్క పదార్థమే రావచ్చు.

పొటాషియం ఉంటే పూసే పగులుతుంది. గ్లూకోజ్ వలయం చిన్న చిన్న ముక్కలైపోయి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, ఫార్మిక్ ఆమ్లం, గ్లైకాల్డిహైడ్ లాంటివి బయటికి పోతాయి, మిగతా కర్బనం ఒకదానికొకటి అతుక్కుని బొగ్గుగా నిలబడుతుంది. విరగడం కూడా ముందే మొదలవుతుంది. ఖనిజాలు కడిగేసిన కట్టెతో పోలిస్తే కడగని కట్టెలో బరువు వేగంగా తగ్గే ఉష్ణోగ్రత మామూలుగా 20, 30 డిగ్రీలు కిందికి దిగుతుంది. తారు తగ్గి, నీరూ గ్యాసూ బొగ్గూ పెరుగుతాయి. ఇందుకు కావలసిన పొటాషియం కొంచెమే. కట్టె బరువులో అర శాతం లోపు ఉన్నా ఫలితం కొట్టొచ్చినట్టు కనబడుతుంది, ఆ పైన ఎంత చేర్చినా పెరుగుదల మందగిస్తుంది. అది ఏ రూపంలో ఉందన్నదీ ముఖ్యమే. మొక్కలోని సేంద్రియ ఆమ్లాలకు అంటి ఉన్నదీ, కార్బొనేట్‌గా ఉన్నదీ గట్టిగా పనిచేస్తాయి. క్లోరైడ్‌గా ఉన్నది కొంత బలహీనం. సోడియం కూడా ఇదే దారి, అయితే మన పంట కట్టెల్లో అది తక్కువ. కాల్షియం, మెగ్నీషియం ప్రభావం ఇంతకంటే చాలా తక్కువ.

నమ్మకం కుదరకపోతే దూదితో చూడండి. మందుల షాపులో దొరికే సర్జికల్ దూది దాదాపు శుద్ధ సెల్యులోజ్. తెల్లటి కట్టె బూడిద రెండు చెంచాలు గ్లాసు నీళ్ళలో కలిపి, తేరనిచ్చి, పైతేట గుడ్డతో వడకట్టండి. అది క్షారం, చేతికి గ్లవ్స్ వేసుకోండి. ఒక దూది ముక్కను అందులో ముంచి, పిండి, ఎండలో బాగా ఆరనివ్వండి. ముంచని ముక్కనూ దీన్నీ నాపరాయి మీద పక్కపక్కన పెట్టి అంటించండి. ముంచనిది భగ్గుమని మండి దాదాపు ఏమీ మిగల్చదు. ముంచినదాని మంట చిన్నది. అది ఆరాక నల్లటి తునక మిగులుతుంది, దాని అంచు వెంట ఎర్రటి నిప్పు పాకుతూ పోతుంది. పొటాషియం బొగ్గును పెంచుతుంది, ఆ బొగ్గు సులువుగా రాజుకునేలా కూడా చేస్తుంది. మీ సంచిలో జరిగింది ఇదే. ఆదోని పత్తి మార్కెట్లో బేళ్ళకు నిప్పంటుకుంటే లోలోపల రోజుల తరబడి రగిలేది కూడా కొంత ఇందువల్లే. జిన్నింగ్ నుంచి వచ్చిన దూదిలో సహజ పొటాషియం ఇంకా ఉంటుంది, సర్జికల్ దూదిని తయారీలో ఉడికించి కడిగేస్తారు.

ఫాస్ఫరస్ తీరు వేరు. అగ్గిపుల్ల ఆర్పగానే కొసన నిప్పు నిలవకుండా నల్లబడుతుంది చూడండి, ఆ పుల్లను తయారీలో అమ్మోనియం ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచుతారు. ఫాస్ఫేట్ కూడా సెల్యులోజ్ నుంచి నీటిని లాగేసి బొగ్గును పెంచుతుంది, కానీ నిప్పు రగలకుండా ఆపుతుంది. అలాగని డ్రమ్ములో డీఏపీ చల్లకండి. అమ్మోనియా పొగ వస్తుంది, ఎరువు డబ్బులు దండగ.

ఇక మీ మూడు సరుకులు.

శనక్కాయ పొట్టులో సొంత బూడిద 2 నుంచి 5 శాతం ఉంటుంది. 8, 10 అని రిపోర్టు వస్తే మిగిలింది మట్టి. కాయ నేలలో ఊరింది కాబట్టి ఎర్రమట్టి పొట్టు గీతల్లో ఇరుక్కుని మిల్లు దాకా వస్తుంది. ఈ మట్టి పొట్టు వేడికి విరిగే తీరును పెద్దగా మార్చదు, ఉత్త బరువు. కిలో పొట్టును 2 మిల్లీమీటర్ల జల్లెడలో వేసి బాగా జాడించి, కిందికి దిగిన దుమ్మును తూచండి. మిల్లులోనే జల్లెడ పట్టిస్తే మీకు రవాణా ఖర్చు కూడా మిగులుతుంది.

పత్తి కట్టెలో బూడిద 3 నుంచి 7 శాతం, అందులో పొటాషియం, కాల్షియం పాలు ఎక్కువ. వేరుతో పీకిన కట్టెకు నల్లరేగడి అంటుకుని వస్తుంది. వేరు మొదలు నరికి పక్కన పెడితే సగం మట్టి అక్కడే పోతుంది.

వరి ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం, ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా. ఊక బొగ్గు బరువు చూసి మోసపోవడం చాలా మామూలు. ఉదాహరణకు ఎండు ఊక 100 గ్రాములకు 38 గ్రాముల బొగ్గు వచ్చింది, ఊకలో బూడిద 18 అనుకోండి. బూడిద తీసేసి లెక్కిస్తే 82లో 20, అంటే 24 శాతం. ఎండు శనక్కాయ పొట్టు 100కు 33 గ్రాములు వచ్చింది, బూడిద 4 అనుకోండి. 96లో 29, అంటే 30 శాతం. తక్కెడలో ఊక గెలిచింది, కర్బనంలో పొట్టు గెలిచింది. మీరు రాసి పంపిన దిగుబడులన్నీ బూడిదతో కలిపి తూచినవి. ముందు వాటిని ఈ సూత్రంతో మార్చండి: బొగ్గు బరువులోంచి బూడిద తీసేసి, ఎండు సరుకులోంచి కూడా బూడిద తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. తేడాల్లో సగం అక్కడికక్కడే తేలిపోతాయి.

ఊకలో ఇంకో చిక్కుంది. 700 డిగ్రీలు దాటి వేగంగా కాలిస్తే అందులో ఉన్న కొద్దిపాటి పొటాషియమే సిలికా పైపొరను కరిగించి లోపలి కర్బనాన్ని మూసేస్తుంది. ఎంతసేపు కాల్చినా తెల్లబడని నల్ల రవ్వలు బూడిదలో మిగిలేది అందుకే. ఆ వేడి మించితే సిలికా స్ఫటికంగా మారడం మొదలవుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడు. ఊక బొగ్గును 600 లోపే తీయండి. పొడి చేసేటప్పుడు మామూలు గుడ్డ చాలదు, ఎన్95 మాస్కు కట్టుకోండి.

గాజు గడ్డల సంగతి. సిలికా ఒక్కటే అయితే సుమారు 1,700 డిగ్రీల దాకా కరగదు. పొటాషియం తోడైతే 750, 800 మధ్యలోనే మెత్తబడి జిగురౌతుంది. పొటాషియం క్లోరైడ్ సొంతంగానే 770 దగ్గర కరుగుతుంది. పత్తి కట్టెలోని పొటాషియం, కట్టెకు అంటిన మట్టిలోని ఇసుక, బెజ్జాల దగ్గర మంట వేడి, ఈ మూడూ కలిసిన చోటే గడ్డ. ఇక్కడ గమనించాల్సింది, 450 నుంచి 550 డిగ్రీల్లో గాలి తగలకుండా బొగ్గవుతున్న చోట గడ్డ కట్టే అవకాశమే లేదు. కాబట్టి మీ డ్రమ్ములో గడ్డ కనబడిందంటే అక్కడ బొగ్గే మండుతోందని అర్థం. గడ్డలు బెజ్జాల చుట్టూనే ఉంటే గాలి ఎక్కువైంది, లేదా మంట అడుగుకు చేరాక కూడా మూయకుండా వదిలారు. డ్రమ్ము బయటి రేకు మీద ఎరుపు కిందికి దిగుతూ అడుగు నుంచి బెత్తెడు ఎత్తుకు రాగానే బెజ్జాలను తడిమట్టితో మూసి, పైన మూత వేసి, అంచు కూడా మట్టితో మెత్తండి. పగలు ఎండలో ఆ ఎరుపు కనబడదు, అందుకని రేకుకు అక్కడక్కడా తడిచేత్తో నీళ్ళు చిలకరించి ఎక్కడ చుయ్‌మంటుందో చూడాలి, లేదా ఎక్కువ వేడిని కొలిచే కె-టైప్ థర్మోకపుల్ ఒకటి అడుగున పెట్టుకోవాలి.

గాలి సరిచేశాక కూడా గడ్డలు వస్తుంటే అప్పుడు చేర్పుల గురించి ఆలోచించండి. తెల్లబంకమన్ను, అంటే కయోలిన్, కట్టె బరువులో 2 నుంచి 3 శాతం చల్లితే పొటాషియాన్ని పట్టుకుని ఎక్కువ వేడికిగాని కరగని అల్యూమినోసిలికేట్‌గా మారుస్తుంది. సున్నం కూడా బూడిద మెత్తబడే వేడిని పెంచుతుంది. కడప, బేతంచెర్ల వైపు నాపరాయి పాలిష్ బురద ఊరికే దొరుకుతుంది కదా అని చాలామందికి ఆశ. అది సున్నపురాయే, కానీ అందులో ఇసుక పాలు గనికో తీరు. పొడిమీద నిమ్మరసం పిండి బుసబుస పొంగుతుందో లేదో చూసి, ఒక బుట్టెడు కట్టెతో ప్రయత్నించాకే డ్రమ్ముకు పోండి. బొగ్గు పొలానికైతే ఈ సున్నమంతా పొలానికే చేరుతుందన్నది మరచిపోవద్దు.

ఖనిజాల తేడాయా, మట్టి తేడాయా, తేమ తేడాయా అని ఖాయంగా తేల్చుకోవాలంటే డ్రమ్ము పనికిరాదు. డ్రమ్ములో కొంత బొగ్గు ఎలాగూ మండిపోతుంది, లెక్క చెడుతుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలు నాలుగు తీసుకుని మూతకు 3 మిల్లీమీటర్ల బెజ్జం ఒక్కోటి పెట్టండి. శనక్కాయ పొట్టు ఒకే గోనెలోంచి తీసి నాలుగు భాగాలు చేయండి. ఒకటి ఉన్నదున్నట్టు. రెండోది జల్లెడ పట్టినది. మూడోది జల్లెడ పట్టి, కడిగి ఎండబెట్టినది. నాలుగోది అలాగే కడిగి ఎండబెట్టి, పొటాషియం కార్బొనేట్ తిరిగి పట్టించినది. 250 గ్రాముల పొట్టుకు 2.5 గ్రాముల పొటాషియం కార్బొనేట్‌ను పావు లీటరు ఆర్వో నీళ్ళలో కరిగించి, పొట్టంతా పీల్చుకునేలా కలిపి మళ్ళీ ఎండబెడితే పొటాషియం అర శాతం పైచిలుకు చేరుతుంది. అన్నీ 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు నిలకడయ్యేదాకా ఆరబెట్టి తూచాలి. తేమ తేడా ఉంటే ఈ పరీక్షకు అర్థమే లేదు. డబ్బాలను ఒకే పొయ్యిలో పక్కపక్కన పెట్టి, 500 డిగ్రీల దగ్గర మూత బెజ్జంలోంచి వచ్చే మంట పూర్తిగా ఆగాక ఇంకో అరగంట ఉంచి, బెజ్జాన్ని మట్టితో మూసి, చల్లారాకే తెరవండి.

రెండోదానిలో బూడిద బాగా తగ్గి, బూడిద తీసేసిన లెక్కలో మాత్రం ఒకటికీ రెండుకీ తేడా లేకపోతే మీ "ఎక్కువ బూడిద" కేవలం మట్టి. మూడోదానిలో బొగ్గు తగ్గి, నాలుగోదానిలో మళ్ళీ పెరిగితే పొటాషియం పనే. నాలుగోదానికి లెక్క వేసేటప్పుడు మీరు చేర్చిన కార్బొనేట్ బరువును బూడిద కింద తీసేయడం మరవకండి. మూడు, నాలుగు రెండూ తగ్గే ఉంటే కడగడంలో ఖనిజంతో పాటు చక్కెరలు, సన్న పొడి కూడా కొట్టుకుపోయాయని అర్థం, వడకట్టే గుడ్డ చూసుకోండి.

కడగడం ఎలా? కిలోకు 10 నుంచి 15 లీటర్ల నీళ్ళు, రెండు గంటలు, మధ్యలో కలుపుతూ, ఆపైన ఇంకోసారి. పొటాషియం, క్లోరిన్ అధిక భాగం ఈ మామూలు నీళ్ళకే దిగిపోతాయి. కాల్షియంలో ఎక్కువ పాలు, సిలికా కదలవు. కాల్షియానికి ఆమ్లం కావాలి, సిలికా మామూలు ఆమ్లానికి కూడా కదలదు, మీ అవసరానికి ఆ జోలికి పోనక్కర్లేదు. మన దగ్గర అసలు చిక్కు నీళ్ళతోనే. అనంతపురం బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, ఉప్పు నీళ్ళు. వాటితో కడిగితే కట్టెలోని పొటాషియం పోయి నీళ్ళలోని కాల్షియం, సోడియం ఆ చోట్లలో కూర్చుంటాయి, ఆరాక ఉప్పు పైన తేలుతుంది. చివరి కడుగు వాననీళ్ళతోనో ఆర్వో నీళ్ళతోనో చేయండి. ఆర్వో ప్లాంటు వదిలేసే వ్యర్థజలం మాత్రం ముట్టుకోవద్దు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి పెట్టుకుని, పోసిన నీళ్ళకూ వంపిన నీళ్ళకూ రీడింగ్ తేడా దాదాపు పోయేదాకా కడిగితే చాలు. వంపిన నీళ్ళలో పొటాషియం ఉంది, చెట్ల మొదళ్ళకు పోయండి.

అయితే మీకు కడగమని సలహా ఇవ్వను. కడిగితే గడ్డలు తగ్గుతాయి, నిజమే. బదులుగా బొగ్గు తగ్గుతుంది, తారు పెరుగుతుంది, పొగ చిక్కబడుతుంది. గ్యాసిఫయర్ (కట్టెను మండే గ్యాసుగా మార్చే పొయ్యి) పెట్టి ఇంజను నడిపేవాళ్ళకు ఆ తారు ఇంకా పెద్ద తలనొప్పి. పైగా లీటరు నీటిని పొయ్యి మీద ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళు పోతాయి, కిలో పొట్టులో ఉన్నదే 16 నుంచి 18. ఎండలో ఆరబెట్టగలిగితేనే మాట్లాడుకోవాలి. పత్తి కట్టెకు దీనికంటే తేలిక దారి ఉంది: ఏరడం అయ్యాక కట్టెను పీకి పొలంలోనే వానకు వదిలేయండి. ఒకటి రెండు మంచి వానలకు పొటాషియం, క్లోరిన్ చాలావరకు కారి మీ నేలలోకే దిగుతాయి, ఆ పొటాషియం వృథా కాదు. వాన పడని ఏడు గాలి బెజ్జాలతోనే నెట్టుకురావాలి.

నిజానికి బొగ్గే మీ లక్ష్యమైతే పొటాషియం మీకు చుట్టం. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో కట్టెకు కావాలనే పొటాషియం చేర్చి బొగ్గు చేస్తే నేలలో నిలిచే కర్బనం 45 శాతం దాకా పెరగగలదని చూపించారు. మీరు కొనక్కర్లేదు. పులివెందుల, పుట్లూరు వైపు తోటల్లో అరటి బొందలు కుళ్ళుతూ పడి ఉంటాయి, వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. ఎండబెట్టి, ముక్కలు కొట్టి, తక్కువ ఖనిజం ఉన్న లావు కంప కట్టెతో పదో వంతు కలిపి చూడండి. పత్తి కట్టెతో మాత్రం కలపొద్దు, గడ్డలు రెట్టింపవుతాయి.

మళ్ళీ రాజుకోవడం గురించి ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పొటాషియం ఉన్న కొత్త బొగ్గు తక్కువ వేడికే గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, పొడి బొగ్గు మరీను. మట్టి కప్పి ఆర్పడం చాలదు. నీళ్ళతో పూర్తిగా తడిపి, బెత్తెడు మందం మించకుండా పరిచి, 24 గంటలు ఆరుబయట ఉంచండి. సంచికి ఎత్తేముందు గుట్టలోకి చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉన్నా ఎత్తొద్దు. ఆ సంచులు మనుషులు పడుకునే గదిలో పెట్టకండి. లోలోపల రగిలే బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

బొగ్గు ఏ నేలకు వేస్తారన్నదాన్ని బట్టి ఏ సరుకు కాల్చాలో ఎంచుకోండి. పొటాషియం, కాల్షియం ఎక్కువున్న బొగ్గు పీహెచ్ 9, 10 దాకా పోతుంది. తటస్థంగానో కాస్త పులుపుగానో ఉన్న ఎర్రనేలలకు అది మేలు. ఇప్పటికే 8 దాటిన కర్నూలు నల్లరేగడికి అంతగా అచ్చిరాదు, అక్కడికి బాగా వాన తిన్న కట్టె బొగ్గే నయం.

ల్యాబ్‌కు మళ్ళీ పంపేటప్పుడు బూడిద ఎన్ని డిగ్రీల దగ్గర తీశారో రాసి ఇవ్వమని అడగండి. కాల్షియం కార్బొనేట్ 100 గ్రాములు బాగా వేడెక్కితే 56 గ్రాముల సున్నంగా మిగులుతుంది, పొటాషియం కూడా ఎక్కువ వేడికి ఎగిరిపోతుంది. కాబట్టి 575 దగ్గర తీసిన అంకెనూ, నేలబొగ్గుకు వాడే 815 దగ్గర తీసిన అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కట్టెకు 550 నుంచి 575 సరైనది. దాంతోపాటు ఫ్లేమ్ ఫొటోమీటర్ ఉన్నచోట పొటాషియం, సోడియం విడిగా చేయించండి, ఆమ్లంలో కరగని అవశేషం కూడా అడగండి. ఆ చివరి అంకెలో ఇసుక, సిలికా తేలుతాయి. ఈ మూడు అంకెలూ, డబ్బాల పరీక్ష బరువులూ ఇక్కడ పెడితే పత్తి కట్టెకు బెజ్జాలు ఎన్ని, ఏ సైజులో ఉంచాలో లెక్కగట్టి చెప్తాను.